మాట్లాడుతూ పరిగెత్తగలిగితే చాలు: షుగర్ బోర్డర్‌లో ఉన్న నా 9 నెలల కథ

 

ఈ ఎపిసోడ్ షూట్ చేసే ముందు మా నాన్నకి ఫోన్ చేసి అడిగాను. "నాన్నా, నీ కాలి గురించి వీడియోలో చెప్పొచ్చా" అని. "చెప్పుకోరా, దాచిపెడితే పోయిన వేలు తిరిగొస్తుందా ఏంటి" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి. కాబట్టి చెప్తున్నాను.

నాన్న ఆర్టీసీలో డ్రైవర్. 28 ఏళ్ళ సర్వీసు. నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు ఆయనకి షుగర్ అని తెలిసింది, అప్పటికి ఆయన వయసు 44. డ్రైవర్ ఉద్యోగం అంటే మీకు తెలుసు కదా, తిండికి టైమంటూ ఉండదు. ఒకరోజు పదకొండింటికి భోజనం, ఒకరోజు నాలుగింటికి. బస్టాండ్‌లో బండి ఆగినప్పుడల్లా ఒక టీ. ఇంట్లో అందరం ఒకటే అనుకునేవాళ్ళం, "టాబ్లెట్ వేసుకుంటున్నారు కదా, ఇంకేం భయం" అని. షుగర్ అంటే మాకు టాబ్లెట్ డబ్బా, అంతే.

రిటైరైన ఏడాది మే నెలలో ఊళ్ళో గుడికి వెళ్ళారు. మధ్యాహ్నం పన్నెండున్నర, గుంటూరు జిల్లా ఎండ. గుడి చుట్టూ బండలు పరిచి ఉంటాయి. అందరూ నాలుగు అడుగులు వేసి నీడలోకి పరిగెడుతుంటే నాన్న మాత్రం తాపీగా 11 ప్రదక్షిణలు చేసి వచ్చారు. "మీ నాన్న భక్తి చూడండి" అన్నారట చుట్టాలు. ఇంటికొచ్చాక అమ్మ చూసింది, కుడి అరికాలు, వేళ్ళ కింద పెద్ద బొబ్బలు. నాన్నకి నొప్పే తెలియలేదు. అది భక్తి కాదండీ, నరాలు చచ్చుబడిపోవడం. ఏళ్ళ తరబడి రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే ముందు పాదాల నరాలు దెబ్బతింటాయి. కాలినా తెలీదు, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. రక్తప్రసరణ కూడా తగ్గుతుంది కాబట్టి పుండు త్వరగా మానదు.

పసుపు రాశారు. ఆయింట్‌మెంట్ రాశారు. రెండు వారాలకి బొటనవేలి పక్క వేలు నల్లబడింది. నేను హైదరాబాద్‌లో రిలీజ్ కాల్‌లో ఉన్నాను, అమ్మ ఫోన్ మూడుసార్లు కట్ చేశాను. నాలుగోసారి ఎత్తితే, "వేలు తీసెయ్యాలంటున్నారురా" అంది.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ నా వైపు చూశాడు. మొహం వైపు కాదు, పొట్ట వైపు. "నీదెప్పుడు చెక్ చేయించుకున్నావ్?" అన్నాడు. చేయిస్తాను సార్ అన్నాను. చేయించలేదు. 14 నెలలు చేయించలేదు. భయం. రిపోర్ట్ చూడకపోతే రోగం లేనట్టే కదా, మన లాజిక్.

పోయిన ఏడాది జూలైలో ఆఫీసులోనే హెల్త్ క్యాంప్ పెట్టారు. అప్పటికి నేనింకా జాబ్‌లోనే ఉన్నాను. అందరూ లైన్లో నిలబడితే నేనూ నిలబడ్డాను, తప్పించుకోవడానికి కుదర్లేదు. రెండు రోజులకి పీడీఎఫ్ వచ్చింది. హెచ్‌బీఏ1సీ 6.2. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1. బరువు 86 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. వయసు 27. నాన్నకి షుగర్ వచ్చింది 44కి. నేను ఆయనకంటే 17 ఏళ్ళు ముందే బయల్దేరానన్నమాట.

ఈ 6.2 ఏంటో ఒక్క నిమిషంలో చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఫోన్లో ఈ పీడీఎఫ్ ఉంటుంది, తెరిచి ఉండరు. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. ఆ టైములో రక్తంలో ఉన్న గ్లూకోజ్ కొంత వాటికి అంటుకుంటుంది. ఎంత శాతం అంటుకుందో చూస్తే గత రెండు మూడు నెలల యావరేజ్ తెలిసిపోతుంది. టెస్ట్ ముందు రోజు స్వీట్లు మానేస్తే ఫాస్టింగ్ షుగర్‌ని కాస్త మోసం చేయొచ్చేమో గానీ, దీన్ని మోసం చేయలేం. 5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీ-డయాబెటిస్, మనవాళ్ళు బోర్డర్ అంటారు చూడండి, అది. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్. ఐసీఎంఆర్ సర్వే 2023లో వచ్చింది, దాని ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది, 13 కోట్ల 60 లక్షల మంది బోర్డర్‌లో ఉన్నారు. అంటే షుగర్ ఉన్నవాళ్ళ కంటే క్యూలో నిలబడ్డవాళ్ళే ఎక్కువ. నేను ఆ క్యూలో ఉన్నాను.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకొకటి. హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్ వాళ్ళు కలిసి మన ఐటీ ఉద్యోగుల మీద చేసిన స్టడీ 2025లో వచ్చింది. 345 మందిని చూస్తే 84 శాతం మందికి లివర్లో కొవ్వు ఎక్కువగా ఉంది. అంటే మీ టీమ్‌లో పది మంది స్టాండప్‌కి నిలబడితే ఎనిమిది మంది. మా టీమ్‌లో ఈ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని జోకులు వేసుకున్నాం. "నీది గ్రేడ్ 1 ఏ కదరా, నేను గ్రేడ్ 2, నీకు సీనియర్ని" అన్నాడు ఒకడు.

ఇంటికెళ్ళాక నాకు జోక్ అనిపించలేదు. నాన్న పాదమే గుర్తొచ్చింది.

సరే, క్యూలోంచి బయటికి రావచ్చా? రావచ్చు. ఇది నా మాట కాదు. అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని పెద్ద స్టడీ జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి. బోర్డర్‌లో ఉన్నవాళ్ళలో కొందరికి మెట్‌ఫార్మిన్ టాబ్లెట్ ఇచ్చారు. కొందరితో వారానికి 150 నిమిషాల వ్యాయామం, తిండి మార్పులు చేయించి, బరువులో 7 శాతం తగ్గించమన్నారు. ఏమీ చేయనివాళ్ళతో పోలిస్తే టాబ్లెట్ వేసుకున్నవాళ్ళలో షుగర్ రావడం 31 శాతం తగ్గింది. అలవాట్లు మార్చుకున్నవాళ్ళలో 58 శాతం. చెన్నైలో మనవాళ్ళ మీద కూడా ఇలాంటిదే చేశారు, 2006లో వచ్చింది. అక్కడ అలవాట్లతో 28.5 శాతం తగ్గింది, టాబ్లెట్‌తో 26.4. మనకి లాభం తక్కువగా కనిపిస్తోంది చూడండి. మనవాళ్ళం సన్నగా ఉన్నా కూడా పొట్టలో కొవ్వు, తక్కువ కండ, జీన్స్, అన్నీ కలిసి వస్తాయి. అయినా కూడా టాబ్లెట్‌కి తీసిపోలేదు కదా. అదొక్కటి చాలు నాకు, షూస్ కొనేశాను.

ఇక్కడ నా మొదటి తెలివితక్కువ పని. షూస్ 9 వేలు. దాంతోపాటు వాచీ, ఈఎంఐలో. పరిగెత్తడం మొదలవకముందే ఈఎంఐ మొదలైంది. వాచీ వద్దనను గానీ, మొదటి రెండు నెలలకి అవసరం లేదండీ. సరిగ్గా సరిపోయే, వేళ్ళ దగ్గర కాస్త ఖాళీ ఉండే మామూలు రన్నింగ్ షూస్ చాలు.

మొదటి రోజు. నిజాంపేటలో మా కాలనీ పార్కు, ట్రాక్ ఒక రౌండు సుమారు 350 మీటర్లు. పొద్దున్నే అయిదున్నర. చెవిలో పాటలు, మనసులో సినిమా హీరో. ఉరికాను. ఒక రౌండు పూర్తి కాకముందే నోట్లో రక్తం రుచి, పక్కలో పోటు, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బెంచీ మీద కూలబడ్డాను. నా ముందునుంచి చీరల మీద షూస్ వేసుకున్న ఇద్దరు ఆంటీలు కబుర్లు చెప్పుకుంటూ మూడోసారి వెళ్ళారు. వాళ్ళు ఆగలేదు, నేను ఆగాను.

ఇలా నాలుగు రోజులు. రోజూ అదే స్పీడు, అదే బెంచీ. అయిదో రోజు మానేద్దామనుకున్నాను. "మన బాడీకి ఇది సెట్ అవ్వదు" అని ఫ్రెండ్‌కి మెసేజ్ కూడా పెట్టాను.

ఆ రోజే మాస్టారు పలకరించారు. రిటైర్డ్ లెక్కల మాస్టారు, 66 ఏళ్ళు, పార్కులో రోజూ పరిగెడతారు. పరుగంటే మీరు ఊహించుకునేది కాదు, నేను నడిస్తే ఆయన పక్కనే వెళ్ళొచ్చు, అంత నెమ్మది. నా పక్కకొచ్చి, పరిగెడుతూనే అడిగారు, "బాబూ, రాత్రి ఏం తిన్నావు?"

నేను ఆయాసపడుతూ, "చి... చికెన్..." అన్నాను. బిర్యానీ అనే మాట బయటికి రాలేదు.

"మాట రావట్లేదంటే స్పీడు ఎక్కువైనట్టు బాబూ. రాత్రి తిన్నదంతా వరసగా చెప్పగలిగేంత స్పీడులో పరిగెత్తు. చెప్పలేకపోతే నడువు. చెప్పగలిగితే మళ్ళీ పరిగెత్తు. అంతే లెక్క" అన్నారు.

నాకు 9 వేల షూస్, వాచీ చెప్పనిది ఆయన ఒక్క ప్రశ్నతో చెప్పారు. తర్వాత చదివితే తెలిసింది, దీన్ని టాక్ టెస్ట్ అంటారు, ట్రైనర్లు నిజంగానే వాడతారు. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది ఈజీ స్పీడు. పాట పాడగలిగితే మరీ నెమ్మది. ఒక్కొక్క ముక్కే వస్తుంటే ఎక్కువ.

నెమ్మదిగా పరిగెడితే ఏం లాభం అని నాకూ డౌట్ వచ్చింది. లోపల జరిగేది ఇది. కండరం పనిచేస్తున్నప్పుడు రక్తంలోంచి గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. మామూలుగా అయితే దానికి ఇన్సులిన్ వచ్చి తలుపు కొట్టాలి. బోర్డర్‌లో ఉన్న మనకి సమస్యే అది, ఇన్సులిన్ ఎంత కొట్టినా తలుపు సరిగ్గా తెరుచుకోదు. కానీ కండరం కదులుతుంటే ఇన్సులిన్ తలుపు కొట్టకపోయినా లోపలినుంచి తెరుచుకుంటుంది. ఆగిన తర్వాత కూడా చాలా గంటలపాటు, ఒక్కోసారి మర్నాటి దాకా, ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుంది. అందుకే వారానికి ఒకసారి ప్రాణం పోయేలా ఉరకడం కంటే, రోజు మార్చి రోజు మాట్లాడుకుంటూ పరిగెత్తడం మనలాంటివాళ్ళకి మేలు. ఇంకో సంగతి, ప్రాణం పోయేలా ఉరికినవాడు మూడో రోజు రాడు.

నేను ఫాలో అయిన ప్లాన్ కొత్తదేం కాదు. కౌచ్ టు 5కే అంటారు. జోష్ క్లార్క్ అనే కుర్రాడు 1996లో తయారు చేశాడు, యాభై దాటిన వాళ్ళమ్మని సోఫాలోంచి లేపడానికి. వారానికి మూడు రోజులు, 9 వారాలు. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. 60 సెకన్లే! ఫోన్లో ఒక రీల్ చూసేంత టైము. అందరూ మొదటి వారం ఇది మరీ ఈజీగా ఉందని మూడో వారానికి దూకుతారు. నేనూ దూకాను.

దూకితే ఏమైందో వినండి. ఆరో వారానికి ఊపిరి బాగా కుదిరింది. పూర్తి 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తేస్తున్నాను. ఇంక ఆగుతామా? రోజూ వెళ్ళడం మొదలెట్టాను, వాచీలో స్పీడు చూసుకోవడం, స్టేటస్ పెట్టుకోవడం. ఎనిమిదో వారంలో ముందుకాలి ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. మెట్లు దిగుతుంటే కళ్ళల్లో నీళ్ళు. షిన్ స్ప్లింట్స్ అన్నాడు ఫిజియో. "గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకి, కండరాన్ని ఎముకకి కట్టే నరాల్లాంటి కట్లకి నెలలు పడుతుంది. నీ ఇంజిన్ రెడీ అయింది గానీ చాసిస్ రెడీ అవ్వలేదు" అన్నాడు. డ్రైవర్ కొడుకుని కదా, చాసిస్ అంటే అర్థమైంది. మూడు వారాలు పరుగు బంద్. నడక మాత్రమే. ఒకేచోట వేలు పెట్టి నొక్కితే విపరీతంగా నొప్పి వస్తున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా ఎముకలో చీలిక ఉందేమో చూపించుకోవాలట, నాకు అంత దూరం రాలేదు. ఆ మూడు వారాలు పార్కులో నన్ను మళ్ళీ ఆంటీలు దాటేశారు.

మోకాళ్ళ ప్రశ్న. కామెంట్లలో ఎప్పుడూ వచ్చేదే, "పరిగెడితే మోకాళ్ళు అరిగిపోతాయి కదా బ్రో?" 2017లో చాలా స్టడీలని కలిపి లెక్కేసిన రిపోర్ట్ ఒకటి ఉంది. సరదాగా, ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్ళలో మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. అసలు పరిగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం. పోటీల కోసం విపరీతంగా పరిగెత్తేవాళ్ళలో 13.3. అంటే కూర్చున్నా అరుగుతాయి, మితిమీరినా అరుగుతాయి. మీకు ఇప్పటికే మోకాలి నొప్పి ఉంటే, బరువు బాగా ఎక్కువుంటే మాత్రం నడకతో మొదలెట్టండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి ఎప్పుడైనా వచ్చి ఉంటే డాక్టర్‌ని అడగకుండా మొదలెట్టొద్దు. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ టాబ్లెట్లు గానీ వాడేవాళ్ళకి పరిగెత్తినప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, వాళ్ళూ అడగాలి.

ఇంక ఏ రన్నింగ్ యాప్‌లోనూ చెప్పని సబ్జెక్ట్, కుక్కలు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున అయిదింటికి రోడ్లు వాటివే. పరిగెత్తేవాడు కనిపిస్తే వాటికి పండగ. వెంటపడితే స్పీడు పెంచొద్దు, మీరు గెలవరు. ఆగండి. కళ్ళల్లోకి చూడకుండా, చేతులు ఊపకుండా నిలబడి, మెల్లగా పక్కకి నడవండి. ఒకవేళ కరిస్తే, గీరుకున్నా సరే, వెంటనే సబ్బుతో, కుళాయి నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టొద్దు. ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళి రేబిస్ వ్యాక్సిన్ మొదలెట్టాలి, డోసులన్నీ పూర్తి చేయాలి. గవర్నమెంట్ హాస్పిటల్లో ఉచితంగా వేస్తారు. నేనైతే రోడ్డు మానేసి పార్కులోనే తిరుగుతాను. బోర్ కొడుతుంది, నిజమే. ఇప్పటికి అదే వేపచెట్టుని కొన్ని వేల సార్లు చూసుంటాను.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన రోజూ అదే అడిగేవారు, "రాత్రి ఏం తిన్నావు?" స్పీడు చెక్ చేయడానికే అడిగేవారు. కానీ రోజూ ఒక పెద్దాయనకి మనం తిన్నది బయటికి చెప్పాలంటే ఎలా ఉంటుందో తెలుసా? సోమవారం బిర్యానీ. మంగళవారం షవర్మా. బుధవారం, మిగిలిన బిర్యానీ. గురువారం నాకే సిగ్గేసి పప్పన్నం తిన్నాను, మర్నాడు చెప్పుకోవడానికి బావుంటుందని. డైట్ చార్ట్ చేయలేని పని ఆ ప్రశ్న చేసింది.

ఆయన లెక్క ఒకటి చెప్పారు, లెక్కల మాస్టారు కదా. కిలోమీటర్ పరిగెడితే సుమారుగా మన బరువు ఎన్ని కిలోలో అన్ని క్యాలరీలు ఖర్చవుతాయి. 86 కిలోల నేను 3 కిలోమీటర్లు పరిగెడితే 260 దాకా. బయటికొచ్చి ఒక సమోసా, ఒక టీ పుచ్చుకుంటే చెల్లుకు చెల్లు. పరుగుతో తిండిని కొట్టేద్దామనుకోవడం జీతంతో క్రెడిట్ కార్డుని కొట్టేద్దామనుకున్నట్టే, ప్రతి నెలా అదే కథ.

అన్నం నేను మానలేదు. తెలుగువాణ్ణి, మానలేను. ఇంతకుముందు పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో, పెరుగుతో, నాలుగుసార్లు అన్నం పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ముందు కూర, పప్పు, గుడ్డు ఇలాంటివి సగం తినేసి, తర్వాత అన్నం ఒక కప్పు, అన్నిటికీ అదే. కూర ముందు తిని అన్నం తర్వాత తింటే షుగర్ ఎగబాకడం తగ్గుతుంది. ఊరెళ్ళినప్పుడు అమ్మతో గొడవైంది. "ఏంట్రా, కోడికి వేసినట్టు పెట్టుకున్నావ్, నా వంట బాలేదా" అంది. అమ్మకి హెచ్‌బీఏ1సీ చెప్పలేం కదా. "కూర బావుందమ్మా, అందుకే అదే తింటున్నా" అన్నాను. రెండోసారి కూర ఎక్కువ వండింది.

మిల్లెట్స్ గురించి ఒక మాట, కొంతమందికి కోపం వస్తుందేమో. కొర్రలు, రాగులు మంచివే, పీచు ఎక్కువ. కానీ అవి కూడా పిండిపదార్థమేనండీ. అన్నం మానేశానని రెండు పెద్ద రాగి ముద్దలు లాగిస్తే లెక్క మారదు. మెత్తగా పిండి చేసి జావ కాస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. ఎంత తిన్నాం అనేది ఏం తిన్నాం అన్నదాంతో పాటే చూడాలి.

టీ. ఆఫీసులో రోజుకి అయిదు టీలు తాగేవాణ్ణి, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల పంచదార. పది స్పూన్లు, 40 గ్రాములు పైనే. డబ్ల్యూహెచ్‌ఓ వీలైతే రోజుకి 25 గ్రాముల్లోపే ఉండమంటుంది. ఒక్కసారిగా చక్కెర మానేస్తే రెండు రోజులు ప్రపంచం మీద విరక్తి పుట్టింది. అందుకని వారానికి అర స్పూన్ చొప్పున తగ్గించాను. ఇప్పుడు రెండు టీలు, పంచదార లేకుండా. ఇరానీ చాయ్ మాత్రం నెలకోసారి, ఉస్మానియా బిస్కెట్‌తో సహా. దాని గురించి నన్నేం అడక్కండి.

నిద్ర దగ్గరే బాగా ఇబ్బంది పడ్డాను. పొద్దున్న అయిదున్నరకి లేవాలంటే పదిన్నరకి పడుకోవాలి. అమెరికా కాల్ తొమ్మిదిన్నరకి అయ్యేది, తర్వాత భోజనం, తర్వాత "ఒక్క రీల్" అని మొదలెడితే ఒంటిగంట. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువేస్తుంది, ఇన్సులిన్ కూడా సరిగ్గా పనిచేయదు. నేను చేసింది రెండే. కాల్ ముందే, ఎనిమిదింటికల్లా భోజనం. ఫోన్ ఛార్జర్ బెడ్‌రూమ్‌లోంచి తీసి హాల్లో పెట్టడం. మొదటి వారం రాత్రి లేచి హాల్లోకి వెళ్ళి నిలబడి రీల్స్ చూశాను, అబద్ధం ఎందుకు. కాళ్ళు నొప్పి పుట్టి మానేశాను. ఇప్పుడు వీడియోలు చేస్తున్నావు కాబట్టి టైము నీ చేతిలో ఉందని మీరనొచ్చు. ఉంది. కానీ ఇవన్నీ మొదలెట్టింది జాబ్‌లో, కాల్స్ మధ్యలోనే. పరుగుకి వెళ్ళడం అస్సలు కుదరని రోజుల్లో తిన్న తర్వాత పది నిమిషాలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్ల మధ్య నడిచేవాణ్ణి. వాచ్‌మన్ మొదట్లో అనుమానంగా చూసేవాడు. తిన్న వెంటనే చేసే ఆ పది నిమిషాలు షుగర్‌కి నిజంగా పనికొస్తాయి.

రిజల్ట్ చెప్పు బ్రో అంటారు కదా. 9 నెలలు అయ్యాయి. బరువు 86 నుంచి 78.5. అంటే దాదాపు 9 శాతం. నడుము బొడ్డు దగ్గర టేపుతో కొలిస్తే 101 సెంటీమీటర్ల నుంచి 93. మన మగవాళ్ళకి 90 లోపు, ఆడవాళ్ళకి 80 లోపు ఉండాలంటారు, కాబట్టి ఇంకా బయటే ఉన్నాను. 5 కిలోమీటర్లు 41 నిమిషాల్లో, మాట్లాడుతూ. హెచ్‌బీఏ1సీ 6.2 నుంచి 5.8.

5.8 అంటే ఇంకా బోర్డరే. థంబ్‌నెయిల్లో "షుగర్ మాయం" అని వేసుకునే ఛాన్స్ నాకు రాలేదు. రిపోర్ట్ చూసిన రోజు కాస్త నిరాశ పడ్డాను కూడా. మాస్టారికి చూపిస్తే, "0.4 తగ్గింది. పోయినసారి ఏ వైపు వెళ్తున్నావు బాబూ, ఇప్పుడు ఏ వైపు?" అన్నారు. అంతే అన్నారు, అని ఆయన రౌండు ఆయన కొట్టుకున్నారు.

నాన్న సంగతి చెప్పి ముగిస్తాను. పాదాల్లో స్పర్శ లేనివాళ్ళు చెప్పుల్లేకుండా ఇంట్లో కూడా నడవకూడదు. మెత్తటి ఎంసీఆర్ చెప్పులని ఉంటాయి, అవి వేసుకోమన్నారు డాక్టర్. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి, వేళ్ళ సందులతో సహా. నాన్నకి వంగడం కష్టం కాబట్టి ఆ పని అమ్మ చేస్తుంది. కానీ ఇంట్లో చెప్పులు అంటే అమ్మ ఒప్పుకోలేదు. "లక్ష్మి ఉండే ఇంట్లో చెప్పులేంటి" అంది. ఆర్నెల్లు నడిచింది ఆ గొడవ. చివరికి నేను రెండో జత కొనుక్కెళ్ళాను, గుమ్మం దాటి బయటికి వెళ్ళనివి, ఇంటి కోసమే. అమ్మ వాటిని కడిగి, తుడిచి, పసుపు బొట్టు పెట్టి ఇచ్చింది. నవ్వొద్దు, ఆమె లెక్కలో అవి ఇప్పుడు చెప్పులు కావు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనం చేశాక నాన్న ఆ చెప్పులేసుకుని హాల్లో తిరుగుతారు. టీవీ దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా, మళ్ళీ టీవీ దగ్గరికి, పది నిమిషాలు. బోర్ కొట్టకుండా ఆ టైముకి నాకు ఫోన్ చేస్తారు. ఫోన్ ఎత్తగానే నేను ఏమీ అడక్కముందే మొదలెడతారు, "రాత్రి రెండు చపాతీ, బెండకాయ కూర, మజ్జిగ. పొద్దున పెసరట్టు, ఒకటే. ఆయాసం లేదురా, వింటున్నావా?" అని. మధ్యలో చెప్పుల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. కుడికాలి చప్పుడు కొంచెం తేడాగా ఉంటుంది.

టైము రెండు కావస్తోంది, ఫోన్ వచ్చే వేళయింది. కెమెరా ఆపేస్తున్నాను. ఉంటానండీ.